కనకమహాలక్ష్మికి లేని జబ్బు

గుడివాడలో భుజంగరావుని ఎరగనివాళ్ళు తక్కువ. భుజంగరావు నమ్మినవాళ్ళు అంతకంటే తక్కువ.

బజారు వీధిలో ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొట్టు ఆయనది. కంపెనీ సీలుతో వచ్చిన డబ్బానైనా సరే, మూత తీసి వాసన చూస్తేగాని అరలో పెట్టనివ్వడు. ఎవరైనా పెళ్ళి శుభలేఖ తెస్తే ముహూర్తం చూడడు, వీడు నన్నెందుకు పిలుస్తున్నాడా అని తెచ్చినవాడి మొహం చూస్తాడు. గుడిలో పూజారి మామూలు కంటే ఓ చెంచా తీర్థం ఎక్కువ పోస్తే, దారిపొడుగునా ఆ చెంచా గురించే ఆలోచిస్తూ ఇంటికొస్తాడు.

మనిషి చెడ్డవాడు కాదు. ఒకరి సొమ్ముకి ఆశపడలేదు, కల్తీ సరుకు అమ్మలేదు. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఉత్తపుణ్యానికి ఎవడూ ఇంకొకడి గుమ్మం తొక్కడని ఆయన గట్టి నమ్మకం. పాతికేళ్ళు కొట్లో కూర్చుని నేర్చుకున్న వేదం అది. నవ్వుతూ వచ్చినవాడు అరువడుగుతాడు, ఏడుస్తూ వచ్చినవాడూ అరువే అడుగుతాడు, ఊరికే కూర్చుని పేపరు తిరగేసినవాడు రేపు అడుగుతాడు.

అలాంటి మనిషి ఇంటికి, రెండువేల రెండు కార్తీక మాసంలో ఓ మధ్యాహ్నం, దైవాధీనం వచ్చాడు.

దైవాధీనం వాల్తేరులో ఆయనతోపాటు ఎమ్మెస్సీ బోటనీ చదివినవాడు. ఆ ఏడు క్లాసులో కృష్ణాజిల్లా వాళ్ళు అయిదుగురు. గుడివాడ భుజంగరావు, చల్లపల్లి దైవాధీనం, బందరు ముక్తార్, దివిసీమలో సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చిన రత్తయ్య, ఉయ్యూరు సుభాషిణి. మెస్సులో ఒక బల్ల దగ్గరే తినేవాళ్ళు. భుజంగరావుకీ ముక్తార్‌కీ అయితే గది కూడా ఒకటే. చదువులయ్యాక ఒకటి రెండేళ్ళు ఉత్తరాలు నడిచాయి. ఆ తర్వాత పెళ్ళిళ్ళు, పిల్లలు, ఎవరి గొడవ వాళ్ళది.

"ఒరేయ్ భుజంగం! ఏంట్రా అలా చూస్తావ్? దైవాధీనాన్నిరా!"

"గుర్తుపట్టకపోవడమేంట్రా, రా రా, లోపలికి రా," అన్నాడు భుజంగరావు నోటితో. కళ్ళు మాత్రం వచ్చినవాడి భుజానికి వేలాడుతున్న గుడ్డసంచీ మీద వాలాయి.

ఆయన్ని అనడానికీ లేదు. ఆ రోజుల్లో గుడివాడలో ఏ నోట విన్నా గొలుసు వ్యాపారాలే. నీ కింద ఇద్దరు చేరాలి, ఆ ఇద్దరి కింద నలుగురు చేరాలి, అందరికీ పైన ఎవడున్నాడో మాత్రం ఎవడికీ తెలీదు. ఏళ్ళ తరబడి మొహం చూడని స్నేహితులూ, పిలుపుల్లేని చుట్టాలూ హఠాత్తుగా ప్రేమలు పుట్టి, సంచుల్లో సబ్బులూ పొడులూ వేసుకుని దిగుతున్న కాలం.

ఇంట్లో భార్య కనకమహాలక్ష్మి లేదు. గుడ్లవల్లేరులో అక్కగారింటికి వెళ్ళింది. భుజంగరావే కాఫీ కలిపి తెచ్చాడు. దైవాధీనం చల్లపల్లిలో జూనియర్ కాలేజీ లెక్చరరుగా చేస్తున్నాడట. సెలవు పెట్టి మరీ ఒక్కొక్కళ్ళ ఇంటికీ తిరుగుతున్నాడట.

"సెలవు పెట్టి మరీనా!" అన్నాడు భుజంగరావు.

"అవున్రా. ఎవరెలా ఉన్నారో చూద్దామనిపించింది. ఇన్నేళ్ళయింది, ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలీదు. నువ్వు చెప్పు, ఆరోగ్యం ఎలా ఉంది? షుగరుందా?"

షుగరు మాటెత్తాడంటే ఇన్సూరెన్సు అయివుంటుంది అనుకున్నాడు భుజంగరావు. లేదన్నాడు.

"అమ్మాయికి పెళ్ళి చేశావా?"

సంబంధాల బ్రోకరా? చేశానన్నాడు.

"ఇల్లు బాగా కట్టావురా. ఎప్పుడు కట్టావు?"

చందా. ఏ గుడికో, గోపురానికో. "ఏదో నెట్టుకొస్తున్నాం," అన్నాడు, ఇంటికీ నెట్టుకు రావడానికీ సంబంధమేంటో ఆయనకే తెలీకుండా.

దైవాధీనం తన సంగతులు చెప్పాడు, మిగతావాళ్ళవీ చెప్పాడు. సుభాషిణి ఉయ్యూరులోనే హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. ముక్తార్ వాళ్ళ నాన్న చేసిన రోల్డుగోల్డు నగల పనే చేసుకుంటున్నాడు, మనిషి బాగా చిక్కిపోయాడు.

"మరి రత్తయ్య?" అన్నాడు భుజంగరావు, ఏదో ఒకటి అడగాలని.

దైవాధీనం నేల చూపులు చూశాడు. "చెప్తాలేరా," అని లేచి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

చెప్పడానికి మొహం చెల్లడం లేదంటే ఆ గొలుసులో రత్తయ్యని ముంచేసే ఉంటాడు అనుకున్నాడు భుజంగరావు. అనుకున్నదే తడవు గుడ్డసంచీ మూతి విప్పి చూశాడు. ఖాళీ టిఫిను డబ్బా, తువ్వాలు, బీపీ మాత్రలు, గొడుగు. కాయితం ముక్క లేదు, సబ్బుబిళ్ళ లేదు. దాంతో అనుమానం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. నమూనా కూడా చూపించకుండా చేసే వ్యాపారం ఎంత ప్రమాదకరమైందో!

పొద్దువాలింది. దైవాధీనం వచ్చి కూర్చున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్ భుజంగం, నీకొక మాట చెప్పాలి. ఇంటికొచ్చి ఎలా చెప్పాలో తెలీక ఇందాకట్నుంచీ..."

వచ్చేసింది! ఆ మాట బయటపడితే మరి కాదనడానికుండదు. స్నేహితుడు నోరు తెరిచి అడిగాక ఇస్తే ఒక బాధ, ఇవ్వకపోతే ఇంకో బాధ. అడక్కముందే దారి మూసెయ్యాలి. భుజంగరావు నోటికొచ్చింది అనేశాడు.

"మా కనకానికి రెండు కిడ్నీలూ పోయాయిరా."

అదెక్కడి నుంచి ఊడిపడిందంటే, మూడేళ్ళ క్రితం బందరు నుంచి వచ్చిన మందుల సేల్స్‌మన్ ఒకడు మాటల్లో చెప్పాడు, ముక్తార్ భార్య ఖాతూన్‌కి ఆ జబ్బు చేసిందని. వారానికి రెండుసార్లు విజయవాడ తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాలనీ, దానికోసం చేతి నరం కుట్టారనీ, మనిషి మంచినీళ్ళు కూడా కొలిచి తాగాలనీ వాడు వివరంగా చెప్పాడు. వెళ్ళి పలకరించి రావాలని భుజంగరావుకి అనిపించింది కూడా. వెళ్తే ముక్తార్ ఏమడుగుతాడోనన్న భయం వెంటనే అడ్డొచ్చింది. కొట్లో పనుందని వెళ్ళలేదు. పని ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఎప్పుడూ వెళ్ళలేదు. ఇప్పుడు ఆ విన్న ముక్కలన్నీ పూసగుచ్చినట్టు తన భార్యకి అంటగట్టాడు. కనకం విజయవాడ ఆస్పత్రిలో ఉందన్నాడు. తిండి సయించడం లేదన్నాడు. ఉన్నదంతా ఆస్పత్రికే పోయిందని మాత్రం రెండుసార్లు అన్నాడు.

దైవాధీనం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పబోయిన మాట చెప్పలేదు. భుజంగరావు చెయ్యి పట్టుకున్నాడు.

"చెల్లెమ్మది బ్లడ్ గ్రూపేంట్రా?" అన్నాడు చివరికి.

"బి పాజిటివ్," అన్నాడు భుజంగరావు. ఆ మధ్యాహ్నం నుంచీ ఆయన నోట వచ్చిన నిజాల్లో అదొకటి.

దైవాధీనం వెళ్ళిపోయాక గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చిన ఊపిరి వదిలేలోపే ఇంకో అనుమానం. వాడు బ్లడ్ గ్రూపు ఎందుకడిగినట్టు? కిడ్నీలు కొని అమ్మే ముఠాల గురించి పేపర్లో వస్తూనే ఉంది. అయితే వీడిది సబ్బుల వ్యాపారం కాదన్నమాట!

నాలుగు రోజులు పోయాక ఉయ్యూరు నుంచి ఫోను వచ్చింది. భుజంగరావు కొట్లో ఉన్నాడు. ఇంట్లో కనకం తీసింది. మధ్యాహ్నం ఆయన భోజనానికొచ్చేసరికి కంచం లేదు, పీట లేదు, వంటింటి గుమ్మంలో కనకం ఉంది.

"ఎవరండీ ఆ సుభాషిణి?"

"మా క్లాసుమేటు. ఏం?"

"ఏమా? హలో, కనకమహాలక్ష్మిని మాట్లాడుతున్నానండీ అన్నాను. అంతే, వెక్కి వెక్కి ఏడ్చింది. 'మీరే లేచి ఫోను తీస్తున్నారా అమ్మా' అంది. నా ఇంట్లో నేను ఫోను తీస్తే ఆవిడకేంటండీ నెప్పి?"

భుజంగరావు తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఇంకా ఏమందో తెలుసా? 'ఉన్నన్నాళ్ళూ సంతోషంగా ఉండండి, ఆయన్ని మేం చూసుకుంటాం' అంది. ఉన్నన్నాళ్ళూ అంటే ఎన్నాళ్ళండీ? మిమ్మల్ని ఆవిడ చూసుకోవడమేంటి? నేనెప్పుడు పోతానా అని అక్కడ ఎవరన్నా కాచుకు కూర్చున్నారా?"

పాతికేళ్ళుగా ఊరందర్నీ అనుమానించిన మనిషికి, తనని ఒకళ్ళు అనుమానిస్తే ఎలా ఉంటుందో ఆ పూట తెలిసొచ్చింది. చెప్పక తప్పలేదు. దైవాధీనం రావడం, సంచీ, గొంతు సవరించుకోవడం, తను అన్న మాట, అన్నీ చెప్పాడు.

కనకం సుభాషిణి సంగతి మర్చిపోయింది. "ఎన్నింటికన్నారు ఆ మాట?"

"సాయంత్రం."

"సాయంత్రమంటే? దీపం పెట్టకముందా, పెట్టాకా?"

"పెట్టే వేళకి."

ఆవిడ గుమ్మంలోనే చతికిలబడింది. సందెవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, ఆ వేళప్పుడు ఏమంటే దానికి వాళ్ళు తథాస్తు అంటారనీ చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకే ఆ ఇంట్లో దీపాలవేళ బియ్యం నిండుకున్నాయన్న మాట కూడా అనరు.

"సరిగ్గా ఆ దేవతలు ఇంటిమీదుగా పోయే వేళకి, పెళ్ళాం కిడ్నీలు పోయాయని కూశారా! పోయాయి అనేదేదో మీవే పోయాయనకపోయారా?"

"నావంటే నమ్మడు కదే. ఎదురుగా గుండ్రాయిలా కూర్చున్నాగా."

ఆ జవాబుకి ఆయనకి ఆ పూట అన్నం దొరకలేదు. రెండోనాటికి కనకానికి నడుం నెప్పి మొదలైంది. ఉతికిన దుప్పట్ల వల్ల వచ్చిందో, దేవతల వల్ల వచ్చిందో తెలీక ఆవిడ బార్లీ నీళ్ళు తాగడం మొదలెట్టింది. భుజంగరావుకే ముందు ధైర్యం చెడింది. ఎందుకైనా మంచిదని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పరీక్షలు చేయించాడు. కిడ్నీలు నిక్షేపంలా ఉన్నాయన్నాడు డాక్టరు. ఏం అనుమానమొచ్చి చేయించారని అడిగితే ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

"ఇప్పుడు ఫోను చేసి నిజం చెప్పండి," అంది కనకం ఇంటికొచ్చి. "నాకు జబ్బులేదని మీ నోటితో చెప్తేగాని నా మనసు కుదుటపడదు. చెప్పేదాకా మీకూ నాకూ మాటల్లేవు."

భుజంగరావు ఫోను ముందు కూర్చున్నాడు. చెప్తే వాల్తేరు నాటి నలుగురి ముందూ పరువు గంగలో కలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెళ్ళాన్ని మంచాన పడేసిన వెధవ అని చచ్చేదాకా చెప్పుకుంటారు. చెప్పకపోతే కాపురంలో శాంతి లేదు. కొద్దికొద్దిగా నయమవుతోందని చెబుతూ ఉగాదికల్లా కనకాన్ని లేపి కూర్చోబెట్టెయ్యొచ్చని కూడా ఓ ఉపాయం ఆలోచించాడు. ఎట్టకేలకు చల్లపల్లికి ఫోను కలిపాడు.

"భుజంగం, నువ్వేం మాట్లాడకు," అన్నాడు అవతల దైవాధీనం, గొంతు వినగానే. "నువ్వేం దిగులుపడొద్దు. మేమందరం ఒక మాట అనుకున్నాం. ముక్తార్ వస్తున్నాడు నీ దగ్గరికి. వాడే చెప్తాడు."

ఫోను పెట్టేశాడు. మేమందరం అంటే ఎవరు? అనుకున్న మాటేంటి? అది ముక్తారే వచ్చి ఎందుకు చెప్పాలి? చెప్పాల్సిన నిజం చెప్పకుండా, వినని రహస్యం గురించి భుజంగరావు మూడు రోజులు తలబద్దలు కొట్టుకున్నాడు.

ముక్తార్ పొద్దున్నే బందరు ప్యాసింజర్‌లో వచ్చాడు. గేటు చప్పుడుకి కిటికీలోంచి చూసి, భుజంగరావు భార్యతో, "నువ్వు కాసేపు లోపలే ఉండు, నేను మెల్లిగా చెప్తాను," అన్నాడు.

"నా ఇంట్లో నేను దాక్కోవాలన్నమాట," అంది కనకం. అని, లోపలి గది తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది.

దైవాధీనం అన్నట్టే ముక్తార్ చిక్కిపోయాడు. గడ్డం నెరిసింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భుజంగరావుని కావలించుకుని వెన్ను నిమిరాడు. వాల్తేరులో భుజంగరావుకి కామెర్లు వచ్చినప్పుడు వేళకి గంజి కాచి పోసిన చెయ్యి అది. ఆ సంగతి గుర్తొచ్చినట్టే వచ్చి, ఇప్పుడా గంజికి బదులు అడుగుతాడేమోనన్న భయం దాని వెనకే వచ్చింది.

"కాఫీ తాగుతావా?"

"వద్దురా."

"పోనీ టిఫిను?"

"వద్దు. మంచినీళ్ళు కూడా వద్దు. కూర్చో ముందు."

నీళ్ళు కూడా ముట్టనివాడు ఎంత పెద్ద కోరిక మోసుకొచ్చాడో అని భుజంగరావు కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మా ఖాతూన్‌కి కూడా ఇదే జబ్బురా," అన్నాడు ముక్తార్. "నీకు తెలిసుండదు. దైవాధీనం కూడా ఆ మాట నీ దగ్గర ఎత్తలేకపోయానన్నాడు."

"తెలీదురా," అన్నాడు భుజంగరావు.

"రెండేళ్ళు తిప్పాను విజయవాడకి. నిరుడు పోయింది. నా కిడ్నీ ఇస్తానన్నానురా. పరీక్షలు చేసి, పనికిరాదన్నారు. ఆమెది ఓ గ్రూపు, నాది బి. ఇంట్లోనే ఇచ్చేవాడున్నాడు, పుచ్చుకునే మనిషుంది, మధ్యలో రక్తం ఒప్పుకోలేదు. ఆమె పోయిందగ్గర్నుంచీ నాకు అదే ఆలోచన. ఎవరికీ అక్కర్లేని వస్తువు ఒంట్లో పెట్టుకు తిరుగుతున్నట్టుంటుంది. మొన్న దైవాధీనం ఫోను చేసి, భుజంగం భార్యది బి పాజిటివ్ అని చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. సంతోషంతోరా. తప్పుగా అనుకోకు."

భుజంగరావుకి మాట అర్థమవుతోంది, అర్థం మాత్రం లోపలికి దిగడం లేదు.

"చుట్టాలు కానివాళ్ళిస్తే గవర్నమెంటు కమిటీ ఏదో ఒప్పుకోవాలట. ఒప్పిద్దాం. ఒక కంచంలో తిన్నవాళ్ళం, చుట్టాలం కాదని ఎవడంటాడు? మావాడు ఫైసల్‌కి చెప్పాను. ముందు ఏడ్చాడు, తర్వాత సరేనన్నాడు. టెస్టులకి పరగడుపున రమ్మంటారు. అందుకే రాత్రి నుంచీ ఏమీ ముట్టలేదు. విజయవాడ బండి ఉంది కదా ఇప్పుడు, వెళ్దాం పద. చెల్లెమ్మ ఆస్పత్రిలోనే ఉందా?"

ఇందులో వీడికేం లాభం? అలవాటు కొద్దీ భుజంగరావు మనసు వెతికింది. డబ్బాల మూతలు తీసి వాసన చూసే మనసు అది. ఎంత వెతికినా ఏ వాసనా తగల్లేదు. జన్మలో మొదటిసారి ఆయన అనుమానానికి నిలబడడానికి చోటు దొరకలేదు.

లోపలి తలుపు తెరుచుకుంది. కనకం వచ్చి గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ముక్తార్ లేచి నిలబడ్డాడు. ఆవిడ మొహంలోకి చూశాడు, పాదాల వంక చూశాడు. రెండేళ్ళు ఆ జబ్బుతో కాపురం చేసినవాడు, ఎక్కడెక్కడ చూడాలో తెలిసినవాడు.

"ఒరేయ్, మొహంలో వాపు లేదురా! కాళ్ళకి నీరు లేదు!" ముక్తార్ రెండు చేతులూ పైకెత్తాడు. "అల్లా దయ. రిపోర్టులు తప్పయి ఉంటాయిరా. ఒక్కోసారి అలా అవుతుంది. మళ్ళీ చేయించావా? తప్పనే తేలిందా?"

తప్పించుకునే దారి అడక్కుండానే తెరుచుకుంది. ఊరికే తలూపితే చాలు. పరువుకి పరువు, స్నేహానికి స్నేహం, రెండూ దక్కుతాయి. కనకం భర్తనే చూస్తోంది.

"రిపోర్టుల్లేవురా," అన్నాడు భుజంగరావు. "జబ్బే లేదు. అబద్ధం చెప్పాను. దైవాధీనం ఏదో అడగబోతున్నాడనుకుని, అడక్కుండా ఉండాలని చెప్పాను."

ముక్తార్ నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుర్చీలో కూలబడ్డాడు. తిడతాడేమోనని భుజంగరావు ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"వాడు అడగడానికి రాలేదురా," అన్నాడు ముక్తార్. "రత్తయ్య పోయాడు. ఏడు నెలలైంది. దైవాధీనం అటువైపు ఏదో పనిమీద వెళ్ళి, చూసిపోదామని వాళ్ళింటికి వెళ్తే గోడమీద దండేసిన ఫోటో ఉందట. 'అంత చదువు చదివిన మనిషికి స్నేహితుడన్నవాడు ఒక్కడు రాలేదేంటని ఊళ్ళోవాళ్ళు అడిగారండీ' అందట ముత్యాలమ్మ, రత్తయ్య భార్య. అప్పట్నుంచీ వాడి మనసు మనసులో లేదు. ఇంకెవరైనా పోయేలోపు అందరి మంచిచెడ్డా కనుక్కోవాలని తిరుగుతున్నాడు. దీపాలవేళ ఒకళ్ళింట్లో కూర్చుని చావు కబురు ఎలా చెప్పాలా అని నీ దగ్గర తటపటాయించాడు. నీ మాట విన్నాక ఇక చెప్పలేకపోయాడు."

కనకం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజంగరావు ఆ సాయంత్రం నేలచూపులు చూసిన దైవాధీనాన్ని తలుచుకుని, రత్తయ్యని ముంచేసి ఉంటాడనుకున్న తన బుద్ధికి సిగ్గుతో చచ్చిపోయాడు.

"వారానికి రెండుసార్లనీ, చేతి నరం కుట్టారనీ, నీళ్ళు కొలిచి ఇస్తున్నారనీ నువ్వు చెప్పినవన్నీ దైవాధీనం నాకు ఫోన్లో చెప్పాడు," అన్నాడు ముక్తార్. నిదానంగా, ఒక్కొక్క మాటా పేర్చుకుంటున్నట్టు. "వింటుంటే మా ఇంటి సంగతే చెబుతున్నట్టుందిరా అన్నాను వాడితో. జబ్బు లేనప్పుడు అవన్నీ నీకెలా తెలుసురా?"

భుజంగరావు ముక్తార్ చొక్కా గుండీల వంక చూశాడు.

"ఖాతూన్ సంగతి అప్పుడే తెలుసా నీకు?"

"తెలుసురా," అన్నాడు. ఆ ఒక్క మాట బయటికి రావడానికి ఆయనకి చాలా కష్టమైంది.

ముక్తార్ తలూపాడు. కోపంతో కాదు, లెక్క సరిపోయినప్పుడు ఊపినట్టు. తర్వాత కనకం వైపు తిరిగాడు. "ఆకలేస్తోందమ్మా. ఏదన్నా ఉంటే పెట్టు."

కనకం పెసరట్లు వేసింది. ఒకటయ్యాక ఒకటి వేస్తూనే ఉంది, "ఇంకొకటి అన్నయ్యగారూ" అంటూ. ముక్తార్ కాదనకుండా తల వంచుకుని తిన్నాడు. ఆదివారం తనూ దైవాధీనం సుభాషిణీ కలిసి ముత్యాలమ్మని పలకరించడానికి దివిసీమ వెళ్తున్నామని ఆవిడతో చెప్పాడు. పక్కనే నిలబడ్డ భుజంగరావు, నువ్వూ రారా అంటాడేమోనని చూశాడు. అనలేదు.

స్టేషన్‌కి భుజంగరావు కూడా వెళ్ళాడు. బందరు బండి వచ్చింది. ముక్తార్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. భుజంగరావు చువ్వలు పట్టుకుని కింద నిలబడ్డాడు. ఎన్నేళ్ళుగానో ఎవరేం అడుగుతారోనని వణికిన మనిషి, ఎలాంటి స్థితికి వచ్చాడంటే, అడగమని బతిమాలుతున్నాడు.

"ముక్తార్, నన్ను ఏదైనా అడగరా."

"ఏమడగన్రా?"

"ఏదైనా సరే. ఏదో ఒకటి అడుగు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ముక్తార్ నిజంగానే ఆలోచించాడు. దెప్పుదామని కాదు, ఉన్నమాటే అన్నాడు.

"నాకేం కావాల్రా ఇప్పుడు? ఇల్లుంది. పిల్లాడు సంపాదిస్తున్నాడు. అప్పుడు, ఖాతూన్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నువ్వొచ్చి నా పక్కన కాసేపు కూర్చుంటే బాగుండునని అనిపించేది. నీకు కబురు తెలిసుంటే వచ్చేవాడివే, తెలీదు కాబట్టి రాలేదని ఖాతూన్‌తో అనేవాణ్ణి. అంతేరా. వేరే ఏమీ లేదు."

బండి కదిలింది. భుజంగరావు చువ్వలు వదల్లేదు. వదలరా, పడతావు అని లోపల్నుంచి ముక్తార్ ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు.